ఇక్సూన్ ఊపిరికి కాపలా

సోల్గే అనే దీవి ఊళ్ళో, నత్తల కోసం సముద్రంలో మునిగే ఆడవాళ్ళ సంఘానికి ఒక మూడు చక్రాల మోటారు బండి ఉండేది. దాన్ని నడపడం తనకు తప్ప ఇంకెవరికీ రాదని చున్వోల్ అనేది. చున్వోల్‌కి కూడా రాదని ఇక్సూన్ అనేది. ఇద్దరికీ అప్పటికి యాభై ఏడేళ్ళు. ఒకే ఏడు పుట్టారు, ఒకే వేసవిలో సముద్రంలో దిగారు. నలభై ఏళ్ళుగా పక్కపక్కనే మునుగుతూ, ఎవరి వల బరువుగా ఉందో ఓరకంట చూసుకుంటూ బతికారు.

ఇప్పుడు ఇక్సూన్ లేదు. ఉన్నన్నాళ్ళూ ఈ కథ ఆమే చెప్పేది, చెప్పిన ప్రతిసారీ బండి వేగం కొంచెం పెంచుతూ.

నిజానికి బండి అంత వేగంగా ఏమీ రాలేదు. మే నెల. ఊరంతా కలిసి నాచు కోసే రోజులు. తడి నాచు బస్తాలు బండి నిండా ఎక్కించి, చున్వోల్ నల్లరాళ్ళ ఒడ్డు ఎక్కిస్తోంది. ఇక్సూన్ బండి ముందు వెనక్కి నడుస్తూ, "కుడికి, కుడికి, నీ కుడికి కాదు, మనుషుల కుడికి" అని దారి చెబుతోంది. చక్రం రాయెక్కింది. బండి గిర్రున పక్కకి తిరిగింది. హ్యాండిల్ కొమ్ము వచ్చి ఇక్సూన్ ఎడమ పక్కటెముకల కింద పొడిచింది. ఆమె నాచు మీద కూలబడింది.

"చచ్చావా?" అని అడిగింది చున్వోల్ బండి మీంచే.

"ఇంకా లేదు. కావాలంటే వెనక్కి తీసి ఇంకోసారి గుద్దు."

అందరూ నవ్వారు. ఇక్సూన్ కూడా నవ్వబోయి మధ్యలో ఆపేసింది. ఆ ఆపేయడం ఎవరూ గమనించలేదు.

ఇక్కడే ఆమె ఒక పొరపాటు చేసింది. అది సముద్రంలో మునిగే ఆడవాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు. లోతుకు పోతే తల పగిలిపోతుంది కాబట్టి, నీళ్ళలో దిగే ముందు అందరూ తలనొప్పి పొడి ఒక పొట్లం నాలుక మీద వేసుకుంటారు. ఇక్సూన్ ఆ రోజు రెండు వేసుకుంది. పక్కటెముకల పోటు మొద్దుబారింది. కాసేపటికి ఎడమ భుజం లాగడం మొదలైంది. వల మోసే భుజం అదే, నలభై ఏళ్ళుగా లాగుతూనే ఉంది, ఇవాళ కొత్తేముంది అనుకుంది. రబ్బరు దుస్తులు బిగించి, నడుముకు సీసపు గుళ్ళ పట్టీ కట్టి, మధ్యాహ్నం మునకకి అందరితో పాటు దిగిపోయింది.

మూడుసార్లు మునిగింది. నాలుగోసారి ఊపిరి చాలలేదు. ఎనిమిది నిలువుల లోతుకి వెళ్ళే మనిషి, నాలుగు నిలువుల దగ్గర, రాతి అంచుకి చెవిచిప్ప, అన్నిట్లోకీ ఖరీదైన నత్త, అతుక్కుని కనిపిస్తుండగానే, వెనక్కి తిరగాల్సి వచ్చింది. పైకి తేలి, ఆనుకుని తేలడానికి తెచ్చుకునే సొరబుర్రని కౌగలించుకుని, వయసైపోయిందనుకుంది.

ఒడ్డున రాళ్ళ దడి మధ్య చలిమంట చుట్టూ అందరూ దుస్తులు మార్చుకుంటున్నారు. ఇక్సూన్ బిగుతు చొక్కాని తల మీంచి లాగింది. ఆ చొక్కా అంతసేపూ ఆమె పొట్టని ఒక చేత్తో అదిమి పట్టినట్టు పట్టుకుని ఉంది. అది వదలగానే మంట దూరంగా జరిగిపోయింది, మాటలు సన్నగిల్లాయి. కళ్ళు తెరిచేసరికి నలుగురు ఆమెను మోసుకుపోతున్నారు. ఎదురుగా మోటారు బండి.

"దాని మీద వద్దు," అంది ఇక్సూన్. "నడిచైనా వస్తాను."

"బతికే ఉందే," అని చున్వోల్ ఏడ్చింది. ఆ తర్వాత బండిని తన్నింది.

కొండ అవతల పట్నంలోని ఆసుపత్రికి చేపల వ్యానులో తీసుకెళ్ళారు. కూతురు హేరన్ నారింజ పళ్ళ గోడౌను నుంచి ఏప్రన్‌తోనే పరిగెత్తుకొచ్చింది. హేరన్‌కి ముప్పై రెండేళ్ళు. సముద్రం అంటే పడదు. చిన్నప్పుడు తల్లి కోసం ఒడ్డున కూర్చుని, నీళ్ళ మీద తలలు లెక్కపెట్టీ పెట్టీ విసిగిపోయిన పిల్ల.

పొట్టకి స్కానింగు ఫోటోలు తీశారు. పెద్ద సర్జన్ వచ్చాడు. నెరిసిన జుట్టు, చిన్న అడుగులు, ఒక్క మాట వృథా చెయ్యని మనిషి.

"ప్లీహం చిరిగింది. లోపల రక్తం కారుతోంది. తీసేద్దాం. పది రోజుల్లో ఇంటికి పోతారు."

"అది లేకపోతే ఎట్లా?" అంది హేరన్.

"బతకొచ్చు. జ్వరాలొస్తే జాగ్రత్తగా ఉండాలి, కొన్ని టీకాలు వేయించుకోవాలి. అంతే."

"సముద్రంలోకి ఎప్పుడు దిగొచ్చు?" అంది మంచం మీంచి ఇక్సూన్.

"ఆరేడు వారాలు."

ఆయన పక్కన ఒక కుర్ర డాక్టరమ్మ నిలబడి ఉంది. పేరు జిన్. దీవి మనిషి కాదు, రాజధాని నుంచి వచ్చి రెండు నెలలైంది. "సార్, ఇంకో దారి కూడా..." అని మొదలుపెట్టి ఆగింది. పెద్దాయన తల ఊపాడు, చెప్పమన్నట్టు.

"బీపీ నిలకడగా ఉందమ్మా. ఇలాంటప్పుడు కొయ్యకుండా కూడా చూడొచ్చు. చాలామందిలో రక్తం దానంతటదే ఆగుతుంది. కానీ వారం రోజులు మంచం దిగకూడదు. గంట గంటకీ మేం చూస్తూ ఉండాలి. ఆ తర్వాత మూడు నెలలు బరువులు వద్దు, నీళ్ళు వద్దు. మధ్యలో మళ్ళీ పగిలితే మాత్రం అప్పటికప్పుడు పరిగెత్తి కొయ్యాలి."

"మూడు నెలలు ఎవరు పడుకుంటారు తల్లీ," అంది ఇక్సూన్. "తీసెయ్యండి. ఇంతకీ అదెలా ఉంటుంది?"

జిన్ కాగితం మీద బొమ్మ గీసింది. ఇక్సూన్ మొహం వెలిగింది.

"ఓ, ఇదా! పంది కడుపులో పొడుగ్గా, నల్లటి నాలుకలా ఉంటుంది. పెళ్ళిళ్ళలో ఉడకబెట్టి కోసి ఉప్పుతో తింటాం. చున్వోల్ మొగుడికి ప్రాణం."

"నీది మాత్రం ఆయనకి పెట్టనులే," అంది తలుపు దగ్గర నుంచి చున్వోల్.

థియేటరు ఖాళీ అవడానికి గంట పడుతుందన్నారు. హేరన్ సంతకాల కాగితాలు తెచ్చుకోవడానికి వెళ్ళింది. ఆ గంటలో జరిగింది ఆ తర్వాత జరిగినదాన్నంతా మార్చేసింది.

నర్సు ఈ దీవి పిల్లే. బీపీ చూడటానికి వచ్చి, "బాబాయ్, నొప్పి ఎలా ఉంది?" అంది. జవాబు లేదు. ఇక్సూన్ కళ్ళు మూసుకుని ఉంది. ఛాతీ కదలడం లేదు. "బాబాయ్?" అని కుదిపింది. లేదు. "బాబాయ్ పోతోంది! డాక్టర్!" అని అరిచింది. జిన్ పరిగెత్తుకొచ్చింది. నర్సు ఏ మగమనిషి గురించి అరుస్తోందో ఆమెకి అర్థం కాలేదు. ఇక్కడ పెద్దవాళ్ళెవరైనా, ఆడయినా మగయినా, బాబాయే అన్న సంగతి ఆమెకింకా అలవాటు కాలేదు. ఆమె మంచం దగ్గరికి చేరేసరికి ఇక్సూన్ నోరు సున్నాలా చుట్టి, నీళ్ళలోంచి పైకి తేలినప్పటిలా "హుయ్...య్" అని పొడుగ్గా ఈల వేసి, బిగబట్టిన ఊపిరి విడిచింది.

"ఏమైంది?" అంది జిన్.

"ఏం కాలేదు. పోటొచ్చింది. పోటొస్తే ఊపిరి బిగబడతాం కదా."

"మేం బిగబట్టం."

"మరేం చేస్తారు?"

"మూలుగుతాం."

ఇక్సూన్‌కి అది వింతగా తోచింది. నీళ్ళలో ముల్లు గుచ్చుకున్నా, జెల్లీచేప చురక పెట్టినా, మూలిగితే నోట్లోకి సముద్రం వస్తుంది. పదిహేడేళ్ళ వయసు నుంచి నొప్పంటే పెదాలు మూయడమే ఆమెకి తెలుసు.

"ఎంతసేపు పట్టగలరు?"

"బాగున్న రోజుల్లో రెండు నిమిషాలు."

జిన్ మంచం అంచున కూర్చుంది. కూర్చోకూడదని నర్సుకి తెలుసు, కానీ ఏమీ అనలేదు. డాక్టరమ్మ మొహంలో ఏదో గుర్తుకు తెచ్చుకుంటున్నట్టుంది.

"నేనొక చోట చదివానమ్మా. మీలాగా మునిగేవాళ్ళని పరీక్షించి రాశారు. మీరు ఊపిరి బిగబట్టి లోతుకు పోతున్నప్పుడు ఈ ప్లీహం పిండుకుంటుందట. దాచిపెట్టుకున్న రక్తాన్ని ఒంట్లోకి వదులుతుందట. ఆ రక్తంతో పాటు ఇంకాస్త ఊపిరి వస్తుంది."

ఇక్సూన్ పెదాలు బిగించి ఆలోచించింది. నర్సు భయపడి ఆమె ఛాతీ వంక చూసింది.

"అంటే నా ఊపిరి ఇక్కడుందా?" అని ఎడమ పక్క చెయ్యి వేసుకుంది.

"చాలా భాగం ఊపిరితిత్తుల్లోనే. కొంచెం ఇక్కడ."

"ఎంత కొంచెం?"

"తెలీదు. మీది ఎవరూ కొలవలేదు."

"పది లెక్కపెట్టేంత ఉంటుందా?"

"ఉండొచ్చు. ఉండకపోవచ్చు కూడా. ఉందని గట్టిగా చెప్పి మిమ్మల్ని ఆపలేను. ఆపితే, రేపు ఏదైనా అయితే నేను జవాబు చెప్పుకోలేను."

పది లెక్కలు. ఒడ్డున అవి లెక్కలోకి రావు. ఎనిమిది నిలువుల అడుగున, చెవిచిప్పని ఇనుప పట్టెతో పెకలించి, తల ఎత్తి చూస్తే, వెలుతురు నాణెమంత కనిపిస్తుంది. అక్కడి నుంచి పైకి రావడమే ఆ చివరి పది లెక్కలు. మధ్యాహ్నం నాలుగు నిలువుల దగ్గరే ఊపిరి ఎందుకు అయిపోయిందో ఆమెకిప్పుడు తెలిసింది. వయసు కాదు. ఆ సంతోషంతో దాదాపు లేచి కూర్చోబోయింది.

"తియ్యొద్దు," అంది.

హేరన్ కాగితాలతో వచ్చేసరికి మాట మారిపోయి ఉంది. ఆ అమ్మాయికి కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి. "ఊపిరి కోసమా? ఇంకా మునగడానికా? తీయించేసుకుని ఇంట్లో కూర్చోమ్మా! నీకింకా ఏం కావాలి ఆ నీళ్ళలో?"

"నీకు చెప్పినా అర్థం కాదే."

"ఎప్పుడు చెప్పావు గనక!"

పెద్ద సర్జన్ మళ్ళీ వచ్చాడు. జిన్ చెప్పింది విన్నాడు. కోప్పడలేదు.

"ముప్పై ఏళ్ళుగా ప్లీహాలు తీస్తున్నాను. తిరిగొచ్చి నాది నాకివ్వమని ఎవరూ అడగలేదు."

"వాళ్ళలో మునిగేవాళ్ళు ఎంతమంది సార్?" అంది ఇక్సూన్.

ఆయన ఆలోచించాడు. నిజాయితీగా ఆలోచించాడు. "ఒక్కరు కూడా లేరు," అన్నాడు. "అయితే నా భయం ఇదీ. ఇలా ఆగుదాం ఆగుదాం అంటూ, ఆగకూడని చోట కూడా ఆగేవాళ్ళని చూశాను. రోగులూ అంతే, డాక్టర్లూ అంతే."

అది విని ఇక్సూన్‌కి ఆ మనిషి మీద మొదటిసారి గురి కుదిరింది. అలా పోయినవాళ్ళు ఆమెకూ తెలుసు. ఊపిరి అయిపోతోందని తెలిసీ, కళ్ళెదురుగా చెవిచిప్ప ఉంది కదా అని, ఇంకొక్క క్షణం అనుకున్నవాళ్ళు. ఆమె సొంత అక్క అలాగే పోయింది.

"అయితే ఇప్పుడే చెప్పండి సార్. ఎక్కడిదాకా ఆగొచ్చు? ఎక్కడ తిరగాలి? కిందికి పోయాక ఆలోచిస్తే బుర్ర పనిచెయ్యదు. మేం పైనే అనుకుని దిగుతాం."

పెద్దాయన జిన్ వంక చూశాడు. ఇద్దరూ ఏవో మాట్లాడుకున్నారు. హేరన్ చేతిలోని కాగితం తీసుకుని, వెనకవైపు ఆయనే రాశాడు. హిమోగ్లోబిన్, అంటే రక్తం అంకె, ఇప్పుడు పది. ఎనిమిది దిగితే కోత. పై బీపీ తొంభై దిగితే కోత. పొట్ట చెక్కలా బిగిస్తే కోత.

"అక్కడికొస్తే నన్ను అడగొద్దు," అంది ఇక్సూన్. "ఈ కాగితం పక్కన పడేసి ఇంకొక్క రోజు చూద్దామంటాను. వినొద్దు. కోసెయ్యండి."

"పేషెంటు నాకు షరతులు పెట్టడం ఇదే మొదటిసారి."

"మీకు కాదు సార్. నాకు."

సంతకం పెట్టింది. హేరన్ కూడా పెట్టింది, పెన్ను కాగితంలో దిగబడేలా.

ఇక మిగిలింది ఊపిరి సంగతి. జిన్ బుజ్జగింపుగా చెప్పింది. "ఊపిరి బిగబట్టినప్పుడల్లా అది పిండుకుంటుందేమోనని నా భయం. చిరిగినదాన్ని పిండకూడదు కదా. పుస్తకాల్లో ఇలా రాసి లేదు, నా జాగ్రత్త కొద్దీ చెబుతున్నాను. పోటొస్తే మూలగండి. తిట్టండి. ఏదైనా చెయ్యండి, ఊపిరి మాత్రం ఆడుతూ ఉండాలి."

చెప్పడం తేలిక. పావుగంటకో పోటు, పోటుకో మునక. నర్సు రావడం, "బాబాయ్, ఊపిరి!" అనడం, ఇక్సూన్ ఉలిక్కిపడి ఈల వెయ్యడం. అవతలి మంచాల్లో ఉన్న ఐదుగురూ ఆ ఈలకి నిద్ర లేవడం. నిద్రపోయినప్పుడు మాత్రం ఆమె మామూలు మనుషుల్లాగే ఊపిరి తీసేది. గొడవంతా మెలకువగా ఉన్నప్పుడే.

మర్నాడు పొద్దున చున్వోల్ పరిష్కారం తెచ్చింది. "మాట్లాడేదానికి ఊపిరి ఎలా ఆగుతుందే? దీని నోరు ఆడుతుండాలి, అంతే. జీవితంలో మొదటిసారి దీని నోటి వల్ల లాభం వస్తోంది."

సంఘం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంతులు వేసింది. మునకకి వెళ్ళడానికి వేసుకునే వంతులే, వరస కూడా అదే. ఇద్దరిద్దరు బస్సులో వచ్చి, మంచం పక్కన రోగి మనుషులు పడుకునే పొట్టి బల్ల మీద కూర్చుని, ఇక్సూన్‌ని మాట్లాడించేవాళ్ళు. వచ్చేవాళ్ళు చెవిచిప్పల గంజి కూడా తెచ్చేవాళ్ళు. ఎప్పుడు కొయ్యాల్సి వస్తుందో తెలీదు కాబట్టి ఇక్సూన్ ఏమీ తినకూడదు. గంజి అంతా వార్డు తినేసేది. కాలు విరిగి పడుకున్న ఒకామె, టాక్సీ డ్రైవరు భార్య, "మీ బాబాయ్‌కి తొందరగా నయమవ్వొద్దని మొక్కుకుంటున్నా," అంది.

మొదటి వంతు చున్వోల్‌ది. వచ్చీరాగానే దుప్పటి అంచు సర్దింది. తర్వాత, "ఆ బండి అమ్మేద్దాం," అంది గోడ వైపు చూస్తూ.

"కొన్నవాణ్ణి ఎవరు కాపాడతారు? నీ దగ్గరే ఉండనీ."

"నేను నడపనిక."

"ఇన్నాళ్ళూ నడిపానని అనుకున్నావా?"

చున్వోల్ నవ్వింది. ఇక్సూన్ నవ్వింది. నవ్వాక ఆమె మొహం తెల్లబడింది. జిన్ వచ్చి, పొట్ట నొక్కి చూసి, "మాట్లాడించమన్నానా, నవ్వించమన్నానా? నవ్వితే లోపల అంతా కదులుతుంది," అని చున్వోల్‌ని వంతుల నుంచి తీసేసింది. చున్వోల్ ఆ తర్వాత మూడు రోజులు కారిడార్లో కూర్చుంది. అక్కడి నుంచి దగ్గితేనే లోపల ఇక్సూన్‌కి నవ్వు వచ్చేది. అందుకని మెట్ల దగ్గరికి పంపేశారు.

మిగతావాళ్ళదీ అదే గొడవ. ఆ ఊరి ఆడవాళ్ళకి నవ్వించకుండా మాట్లాడటం చేతకాదు. ఎవరి ఆక్టోపస్‌ని ఎవరు దొంగిలించారు, ఎవరి మొగుడు ఏ పెళ్ళిలో ఎవరి చెప్పులు వేసుకెళ్ళాడు, ఇవే కబుర్లు. ఒక్కొక్కరినే జిన్ తీసేస్తూ వచ్చింది. రక్తం అంకె నాలుగో రోజు సాయంత్రానికి తొమ్మిది. మర్నాడు పొద్దున ఎనిమిది పాయింటు నాలుగు.

పెద్ద సర్జన్ వచ్చి కాగితం వంక చూశాడు. "థియేటరు సిద్ధంగా ఉంచండి," అన్నాడు. "ఆరు గంటల తర్వాత మళ్ళీ చూద్దాం." ఇక్సూన్ తల ఊపింది. ఇంకొక్క రోజు అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసింది.

ఆ ఆరు గంటల వంతుకి మిగిలింది హేరన్ ఒక్కతే. హేరన్‌కి ఎవరినీ నవ్వించడం రాదు. గోడౌనులో నారింజ పళ్ళని సైజుల వారీగా వేరు చేసే పని, ఇంట్లో కూడా మాటల్ని అలాగే వేరు చేసి పొదుపుగా వాడేది. పొట్టి బల్ల మీద కూర్చుంది. ఏం అడగాలో తెలీలేదు. తల్లి పెదాలు మూసుకుంటున్నాయి. పోటు వస్తోంది.

"అమ్మా," అంది గబగబా, "కింద ఏముంది?"

"ఎక్కడ కింద?"

"నీళ్ళ కింద. నువ్వు దిగేచోట."

ఇక్సూన్ కూతురి వంక చూసింది. ముప్పై రెండేళ్ళలో ఈ పిల్ల ఆ మాట అడగడం ఇదే. నోరు విప్పింది.

మొదట ఒడ్డు దగ్గరి రాయి గురించి చెప్పింది, ఆవు పడుకున్నట్టు ఉండేది. దాని డొక్క కింద పీతలు కాపురముంటాయి. దాన్ని దాటితే ఇసుక. ఇసుకలో నిలబడితే చల్లటి ఊట పాదాలకి తగులుతుంది, సముద్రం మధ్యలో మంచినీళ్ళు. ఆ తర్వాత మెట్లు మెట్లుగా దిగే రాతి గోడ. గోడకి మూడు గూళ్ళు. మధ్య గూట్లో ఒక ముసలి ఆక్టోపస్, రెండేళ్ళుగా దాన్ని పట్టుకోవాలని చూసి ఓడిపోయి, ఇప్పుడు తను దాన్ని పలకరించి వెళ్తుంది. గోడ అడుగున నాచు అడవి, మనిషి కన్నా ఎత్తు. కెరటం వచ్చినప్పుడు అడవంతా ఒకవైపు వంగుతుంది, అప్పుడు వేళ్ళ మధ్య కనిపిస్తాయి చెవిచిప్పలు.

"ఎన్ని?"

"చెప్పను. నీకైనా చెప్పను."

"నేనేం చేసుకుంటాను వాటిని! సరే, అడవి దాటాక?"

మాటల మధ్యలో పోటు వచ్చేది. ఇక్సూన్ మూలిగేది. మూలిగి, "ఎక్కడున్నాం?" అనేది. "మూడో గూడు దగ్గర," అనేది హేరన్. ఒకసారి ఇక్సూన్ దారి తప్పి కుడికి వెళ్ళిపోతే, "ఆవు రాయి ఎడమ పక్కనన్నావు కదా," అని హేరన్ సరిదిద్దింది. ఇక్సూన్ ఆ మాటకి తెల్లబోయి, తర్వాత గర్వపడింది. పక్క మంచాల వాళ్ళు టీవీ శబ్దం తగ్గించారు. బీపీ చూడటానికి వచ్చిన నర్సు చెవుల్లోంచి గొట్టాలు తీయకుండానే కాసేపు నిలబడిపోయింది.

"భయం వెయ్యదా?" అంది హేరన్ చివరికి.

"నీళ్ళలో వెయ్యదు. పైకి వచ్చి, ఒడ్డు మీద నువ్వు కనిపించకపోతే వేసేది. చిన్నప్పుడు నువ్వు రాళ్ళ మీద ఒక్కచోట కూర్చునేదానివి కాదు."

"నేను నీ తలని వెతుక్కుంటూ అటూ ఇటూ పరిగెత్తేదాన్నమ్మా."

ఇక్సూన్ పెదాలు మూసుకున్నాయి. "ఊపిరి," అంది హేరన్, ఆ వెంటనే. "ఆడుతోందిలే," అంది ఇక్సూన్.

సాయంత్రం రక్తం అంకె ఎనిమిది పాయింటు నాలుగే. దిగలేదు. మర్నాడు ఎనిమిది పాయింటు ఏడు. ఆ అంకె మెట్ల దగ్గరికి చేరేసరికి చున్వోల్ కేక వేసింది. అది మూడో అంతస్తులో వినిపించింది. నవ్వించే ప్రమాదం ఉన్నా సరే, ఆమెని లోపలికి రానిచ్చారు.

ఏడో రోజు మళ్ళీ ఫోటో తీశారు. చిరుగు చుట్టూ రక్తం గడ్డకట్టి, కొత్తగా ఏమీ కారడం లేదు. పెద్ద సర్జన్ ఫోటోని వెలుగుకి పెట్టి చాలాసేపు చూశాడు. "ఈసారి ఆగడం మంచిదయింది," అన్నాడు జిన్‌తో. "రేపు వచ్చేవాడికి కొయ్యడం మంచిది కావచ్చు. ఇది చూసి అది మర్చిపోకు." ఇక్సూన్‌ని మాత్రం, "ఆ ముసలి ఆక్టోపస్ ఎంత బరువుంటుంది?" అని అడిగాడు. వార్డంతా విన్న కథ ఆయన దాకా కూడా పోయింది.

మూడు నెలలు ఒడ్డున కూర్చోవడం ఇక్సూన్ అనుకున్నంత కష్టం కాలేదు. ఎలాగూ జూన్ నుంచి ఆగస్టు దాకా నత్తలు గుడ్లు పెట్టే కాలమని ఎవరూ పట్టకూడదు. "పగలగొట్టుకోవడానికి మంచి నెల చూసుకుంది," అనేది చున్వోల్. ఇక్సూన్ బరువులు ఎత్తకుండా, వంగకుండా, రాళ్ళ దడి మధ్య మంట దగ్గర కూర్చుని అందరికీ సలహాలు చెప్పేది. ఆగస్టు వచ్చేసరికి ఈమెని తొందరగా సముద్రంలోకి తోసెయ్యమని సంఘమే మొక్కుకుంది.

సెప్టెంబరులో జిన్ చివరి ఫోటో చూసి సరేనంది. ఒక షరతు పెట్టింది. మొదటి నెల లోతుకు పోకూడదు. సోల్గేలో ఆ షరతుకి ఒకటే అర్థం. ఒడ్డు పక్కన, రెండు నిలువులు మించని చోట, ఎనభై దాటిన ముసలమ్మల కోసం విడిచిపెట్టిన నీళ్ళుంటాయి. అక్కడ వయసువాళ్ళు చెయ్యి పెట్టకూడదు. ఊళ్ళో అందరికన్నా లోతుకు పోయే ఇక్సూన్ అక్కడ దిగాలి.

సంఘం కూర్చుని మాట్లాడింది. ముసలమ్మల్లో పెద్దది బొక్సిల్ అవ్వ, ఎనభై నాలుగేళ్ళు, పళ్ళు లేవు, చెవులు తనకి పనికొచ్చినప్పుడు పనిచేస్తాయి. "రానియ్యండి," అంది. "కానీ ఆ నల్లరాయికి ఇవతల నాది. అడుగు పెడితే ఈసారి నేను గుద్దుతాను."

మొదటి రోజు జిన్ సెలవు పెట్టుకుని వచ్చింది. వాచీ తెచ్చుకుంది. పడవ ఎక్కలేదు, ఒడ్డున నిలబడితేనే ఆమెకి కళ్ళు తిరుగుతున్నాయి. హేరన్ ఆమె పక్కన రాతి మీద కూర్చుంది. ఇక్సూన్ నలుగురు ముసలమ్మల మధ్య సొరబుర్ర పట్టుకుని తేలింది. దూరంగా లోతు నీళ్ళలో చున్వోల్ తల పైకి తీసి, ఇక్సూన్ వైపు తిరిగి, "అవ్వా, నీళ్ళు వెచ్చగా ఉన్నాయా?" అని అరిచింది.

ఇక్సూన్ మునిగింది. జిన్ వాచీ నొక్కింది. హేరన్ నీళ్ళ వంక చూస్తూ, "ఆవు రాయి చేరింది... డొక్క కింద చూస్తోంది... ఇప్పుడు ఇసుక," అని సన్నగా చెప్పుకుంటోంది. ఒకటి, ముప్పై, యాభై, డెబ్భై. అరవై మించొద్దని జిన్ చెప్పింది. డెబ్భై అయిదు దగ్గర ఆమె నీళ్ళ అంచు దాకా దిగింది. ఎనభై దగ్గర నీళ్ళు పగిలాయి. ఇక్సూన్ తల, ఆ వెంటనే ఈల.

"అరవై అన్నాను కదా!" అంది జిన్.

"నువ్వు తిడతావనే పైకి వచ్చాను. ఊపిరి ఇంకా ఉంది," అంది ఇక్సూన్. తడిసిన మొహం అంతా నవ్వు. ఎడమ పక్క చెయ్యి వేసుకుని, అక్కడ లోపల ఉన్నదాన్ని తట్టినట్టు రెండుసార్లు తట్టింది. రెండో చేతిలో ఒక పెద్ద నత్త ఉంది.

బొక్సిల్ అవ్వ ఈదుకుంటూ వచ్చి, ఆ నత్తని తన వలలో వేసుకుంది.

"అది నల్లరాయికి అవతలిదే అవ్వా!"

"నా కళ్ళకి ఇవతలిది," అంది అవ్వ. "అంత ఊపిరి ఉన్నదానివి, ఇంకోటి తెచ్చుకో."

ఇక్సూన్ ఊపిరి నిండా తీసుకుంది.